లూర్దుతో పాటు మానినవాడు

2022లో నేను కోయంబత్తూరు దగ్గర పోదనూరు రైల్వే కాలనీ పక్కన ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సుని. మంగళవారాలు ఏఎన్‌సీ, అంటే గర్భిణుల పరీక్ష. ఆ పేటలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. నాదీ తెలుగిల్లే గనుక, డాక్టరమ్మ దగ్గర తమిళంలో దాచినవి నా దగ్గర తెలుగులో చెప్పేవారు.

లూర్దు అలా చెప్పుకున్నవాళ్ళలో ఒకతె. ఆమె కేసు తలుచుకుంటే నాకిప్పటికీ ముందు అసూయే వస్తుంది.

ఆమెది కల్యాణ మండపంలో గిన్నెలు తోమే పని. మూడో నెల. మొగుడు అంతోని గూడ్స్ షెడ్డులో మూటలు మోసే లోడ్‌మేన్. రోజూ పొద్దుగూకితే ఇద్దరూ కలిసి బ్రాందీ తాగేవారు.

"ఒళ్ళు నొప్పికి కొంచమా తాగుతామక్కా. మా అత్త ఏమీ కాదంటాది."

"నువ్వు తాగింది బిడ్డకూ పోతుంది లూర్దూ. ఇంతవరకు పరవాలేదు అనే కొలత లేదు. బిడ్డ ఎదుగుదల, మెదడు దెబ్బతినొచ్చు. ఎప్పుడు మానినా మేలే."

తాగకపోతే చేతులు వణుకుతాయా అని అడిగాను. వణుకుతాయంది. అలాంటివాళ్ళు ఉన్నపళంగా సొంతంగా మానితే విత్‌డ్రాయల్ వస్తుంది. ఒళ్ళు అదుపు తప్పి ఫిట్స్ దాకా పోవచ్చు. అందుకే ఇంటికి పంపలేదు. పెద్దాసుపత్రిలో డీ-అడిక్షన్ వార్డుకు, తాగుడు మాన్పించే చోటికి, నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. కొన్నాళ్ళు అక్కడే ఉంచి మాన్పించారు.

ఐదో నెలలో పరీక్షకు వచ్చినప్పుడు మళ్ళీ వాసన. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటికే మళ్ళీ?"

"పొరామైగా ఉండాది అక్కా," అంది. అసూయకు ఆ ఇళ్ళలో తమిళ మాటే వాడతారు. "నేను వట్టి నోటితో కూర్చోనుంటా. ఆయన నా ఎదురుగానే పోసుకుంటాడు. అత్త ఆయనకు చేపలు వేయించి పెడతాది. నేను గ్లాసు తాకితే పాపిని. బిడ్డ నా ఒక్కదానిదా?"

నేను కడుపుతో ఉన్నప్పుడు మా ఆయన సోడా మూత తీసే చప్పుడు వింటూ వాంతులు చేసుకున్నదాన్ని. నా సీమంతం నాడు ఆయన మేడ మీద స్నేహితులతో తాగి, అక్షింతల వేళకు మెట్లు దిగలేకపోయాడు.

లూర్దును మళ్ళీ వార్డు డాక్టరుకు చూపించి, అంతోనికి కబురు పెట్టాను. వస్తాడనుకోలేదు. మూటల దుమ్ము కూడా దులుపుకోకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దాన్ని మానమనే ముందు నువ్వు మాను," అన్నాను.

"నేనా? కడుపు దానిది కదా సిస్టర్."

"మరి బిడ్డ?"

అరచేతుల దుమ్ము లుంగీకి తుడుచుకున్నాడు. "నాకూ చెయ్యి వణుకుతాది," అన్నాడు.

అతన్నీ అదే వార్డులో చేర్పించాం. బయటికి వచ్చాక, అక్కడ మానినవాళ్ళు వారం వారం కూర్చుని మాట్లాడుకునే చోటికి మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళేవారు. ఇద్దరూ ఒకే బస్సెక్కుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. సంతోషించాల్సింది పోయి కన్ను కుట్టేది.

ఏడో నెలలో వళైకాప్పుకు, గాజులు తొడిగే వేడుకకు, నన్నూ పిలిచారు. ఆ రోజు మగవాళ్ళకు ఇంటి వెనక మందు పోయడం ఆ పేట ఆనవాయితీ. వాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. అంతోని పులిహోర గిన్నె పట్టుకుని ఆడవాళ్ళ పంక్తిలో వడ్డిస్తూనే ఉన్నాడు. ఆఖరికి బావ ఒకడు వచ్చి వెక్కిరించాడు.

"ఏమిరా, నీకూ గాజులు తొడగాలా?"

అంతోని గిన్నె కింద పెట్టి లూర్దు ముందు చెయ్యి చాపాడు. "తొడుగు."

ఆమె నవ్వుతూ తొడగబోయింది. మూటలు మోసిన ఆ చేతికి గాజు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇలాంటి మొగుడు దీనికెందుకు దొరకాలి, నాకెందుకు దొరకలేదు అని లోపల ఒకటే ఏడుపు.

లూర్దు మళ్ళీ తాగలేదు. ఆడపిల్ల పుట్టింది, బరువు బాగుంది. బిడ్డ ఎదుగుదల చూపించడానికి ఇప్పటికీ ఇద్దరూ కలిసే వస్తారు.

అప్పటినుంచి తాగుడు మాటెత్తాలంటే ఆడమనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పను. పక్కన రెండో కుర్చీ వేయించి మొగుడికి కబురు పెడతాను. చాలాసార్లు అది ఖాళీగానే ఉంటుంది. ఎవడైనా వచ్చి కూర్చుంటే మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నాకు కన్ను కుడుతుంది.