మొరిగితే బెల్లం

చందానగర్‌లో మా కిరాణా దుకాణం గడప ఎవరు తొక్కినా మా కుక్క మొరిగేది. నేను బెల్లం ముక్క విసిరి దాని నోరు మూయించేవాణ్ణి. గిరాకీ ఎదురు దుకాణానికి పోతుంటే, "పున్నం లోపల మొరుగుడు మానకుంటె దీన్ని గుట్టలల్ల ఇడిసొస్త" అన్నాడు నాయన.

కుక్కల సంగతి బాగా తెలిసిన, గొర్లు కాచే తాతను పిలిచాను. కుక్క మొరగగానే ఆయన వీపు తిప్పి నిలబడ్డాడు. అది ఊరుకున్నాకే ఇటు తిరిగాడు.

"మొరిగితె బెల్లమిస్తివి. ఇగ మొరగక ఏం జేస్తది? సప్పుడు జెయ్యనప్పుడియ్యి."

బేరంలో ఎవరికీ తగ్గని నేను రోజూ కుక్కకు ఓడిపోతున్నానన్నమాట! మూడు రోజులు బెల్లం ఆపాను. అది రెట్టింపు మొరిగింది. నాలుగోనాడు చెవులు పగిలి మళ్లీ విసిరాను.

తెల్లారితే పున్నం. కోపంతో మంద దగ్గరికి పోయి, "ఏం తాతా, గిదేనా నువ్వు జెప్పిన ఇలాజ్? పరేషాన్ జేస్తివి!" అని అరిచాను. తాత వీపు తిప్పాడు. ముందుకెళ్లి అరిచాను. మళ్లీ తిప్పాడు. గొంతెండి ఊరుకున్నాను.

అప్పుడు నావైపు తిరిగి, తన జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టాడు.

ఆ రొట్టె నేను తినలేదు. ఇంటికి తెచ్చి, మొరుగుతున్న కుక్కకు వీపు తిప్పి నిలబడ్డాను, అది ఊరుకునేదాకా.