సైకిల్‌కు అమ్మ పేరు

వరంగల్ నుంచి విశాఖపట్నం వెళ్లినప్పుడు మద్దిలపాలెంలో ఒక గేర్ల సైకిల్ అద్దెకు తీసుకున్నాను. ముడసర్లోవ చెరువు గట్టు, కంబాలకొండ అడవి బాట, తొట్లకొండ మీది బౌద్ధ స్తూపాలు అన్నీ చుట్టేసి, కొండ దిగి సముద్రపు ఒడ్డున ఆగాను. అక్కడ ఒక మత్స్యకారుడు కొత్త పడవ మీద వాళ్లమ్మ పేరు రాస్తున్నాడు.

"నీ బండి పేరేటి బావా?" అన్నాడు, నా సైకిల్ వైపు బ్రష్షు చూపిస్తూ.

"సైకిల్‌కు పేరెందుకన్నా?"

"పేరెట్టకుండా మేం పడవని నీల్లలోకే దించం. నువ్వు ఇన్ని కొండలు ఎలాగ తిరిగేత్తన్నావ్? మీ అమ్మ పేరేటి?"

"సుశీల" అన్నాను. అతను వెంటనే బ్రష్షు రంగులో ముంచాడు.

"ఆగన్నా, ఇది కిరాయి సైకిల్. సాయంత్రం వాపసియ్యాలె."

"అద్దెదైతే ఏటి? ఎక్కినోడి పేనం సొంతమే కదా."

సైకిల్‌కు స్టాండ్ వేసి పక్కకు జరిగాను. ఫ్రేము మీద నీలం రంగుతో పొందిగ్గా అమ్మ పేరు రాసి, పక్కన ఒక చేప బొమ్మ కూడా వేశాడు.

షాపతను ఏమంటాడో అని భయపడుతూనే సైకిల్ అప్పజెప్పాను. సంగతంతా విని అతను నవ్వాడు. "ఉండనీ బావా. దీన్నైనా పేరెట్టి పిలుత్తాను."

మళ్లీ అక్కడికి వెళ్లే పని పడి మొన్న సైకిల్ కోసం షాపతనికి ఫోన్ చేస్తే, "సుశీల అడవికెళ్లింది, సాయంత్రానికొచ్చేస్తాది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి సైకిలెక్కని మా అమ్మకు ఈ మాట చెప్పాను.

ఆమె, "బ్రేకులు మంచిగున్నయా?" అని అడిగింది.