లాటు నంబరు లేని బరువు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. అదే నా మొదటి ఉద్యోగం. కాటా మీద ఏది ఎక్కినా కంప్యూటర్ తన లాగ్‌లో రాసుకోవాలి. పాత ప్రోగ్రాం అది రాసుకునేలోపు టిక్కీలనే మిర్చి బస్తాల బళ్ళు గేటు దాకా ఆగిపోయేవి, ముఠా కూలీలు నన్ను తిట్టిపోసేవాళ్ళు. టైము, ఏ రైతు సరుకో చెప్పే లాటు నంబరు, బరువు వేటికవే విడివిడిగా, రెప్పపాటులో పడేలా మార్చేశాను.

ఆ గొప్ప చూపిద్దామని ఓనరు గారిని పిలిచాను. క్యారేజీ తెచ్చిన ఆయన భార్య కూడా వచ్చి నిలబడ్డారు. లాటు నంబరు లేని తూకాలు తీసి చూపించాను. రోజూ పొద్దున కాటా తెరవగానే నూట ఎనిమిది కిలోలు!

"సార్, ఎవరో దొంగ సరుకు తూస్తున్నారు!" అని అరిచాను.

కాటా గుమాస్తా మస్తాన్ గారు ఏమీ ఎరగనట్టు పైకప్పు కేసి చూశారు. ఓనరు గారి మొహం ఎర్రగా కందిపోయింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

భర్త మొహం చూసి అమ్మగారు పగలబడి నవ్వారు. "దొంగ సరుకు కాదమ్మాయ్, మీ సారే! ఏవండీ, నాతో తొంభై అన్నారుగా?"

ఆయన కూడా నవ్వేశారు. "నాకూ ఓ లాటు నంబరిచ్చెయ్యమ్మా, గొడవ వదిలిపోద్ది."

ఇచ్చాను. ఆ తర్వాత పెద్దపెద్ద ప్రోగ్రాములే రాశాను గానీ, ఇంత నవ్వించిన లాగ్ మళ్ళీ దొరకలేదు. ఆయన బరువు రోజూ కూలీలే పైకి చదివేవాళ్ళు. వందకి దిగిన రోజున ఆయన అందరికీ నేతి లడ్డూలు పంచారు. తనెన్ని తిన్నారో తెలియదు, మర్నాడు లాగ్‌లో మళ్ళీ నూట ఒకటి పడింది.