తార్నాక డోనట్, అత్తమ్మ మొక్కు

తార్నాకలో డోనట్ల దుకాణం తెరిచారని మా యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఒకటే మాట. అరవైల చివరి సంగతి. అప్పటిదాకా డోనట్‌ను ఇంగ్లీషు పత్రికల్లో బొమ్మగా చూడటమే. ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మను వెంటబెట్టుకుని ఓ సాయంత్రం నడిచి వెళ్లాను.

దుకాణమంటే ఒక ఇంటి ముందుగది. నడిపే ఆవిడ లాలాగూడ రైల్వే బంగ్లాల్లో దొరసానులకు వండి చేయి తిరిగిన మనిషి. చక్కెర అద్దిన డోనట్లు పళ్లెంలో పెట్టింది. అత్తమ్మ ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తీపి గారెనే కద! గిందుకా గింత దూరం నడిపిచ్చినవ్?" అంటూనే రెండు తినేసింది. నాకేమో గట్టిగా తగిలింది. ఊరుకుంటానా! "దూదిలా ఉంటుందని రాస్తారు పత్రికల్లో. మీది నమిలితే దవడలు నొస్తున్నాయి" అని దులిపేశాను. ఆవిడ ఏదో చెప్పబోయింది. నేను చెప్పనిస్తే కదా.

ఇంటికొచ్చాక పక్క క్వార్టర్ ఆవిడ గోడ మీంచి అడిగింది: "మీ అత్తగారు కూడా తిన్నారా? అందులో గుడ్డు వేస్తారు కదండీ!"

అత్తమ్మ మొక్కు గుర్తొచ్చింది. మా ఆడబిడ్డకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. బిడ్డ చేతికొచ్చేదాకా నీసు ముట్టనని, గుడ్డు కూడా తిననని అత్తమ్మ మల్లన్నకు మొక్కుకుంది. కోడికూర లేనిదే ఆదివారం గడవని మనిషి, నెలల తరబడి పప్పుతో సరిపెట్టుకుంటోంది. "డాక్టరు చూసుకునే పనికి మీరు నోరు కట్టేసుకోవడమేంటి?" అని ఆ మొక్కు మీద నేను చేయని వాదన లేదు. ఇప్పుడు ఆ చదువూ వాదనా ఎటు పోయాయో! రేపు ఆ పిల్లకేమైనా అయితే, డోనట్ తినిపించింది నేనే. ఇంకెవరూ అనక్కర్లేదు, బతికినన్నాళ్లూ నన్ను నేనే అనుకుంటాను.

"ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని మళ్లీ తార్నాకకు. నడిచానో ఉరికానో తెలీదు.

దుకాణమావిడ నన్ను చూడగానే నడుం మీద చేయి పెట్టుకుంది. "మళ్లొచ్చిన్రా? తిట్టేది ఇంకేమన్న మిగిలిందా?"

"ఒక్కటి చెప్పండి. వాటిలో గుడ్డు వేశారా?"

"అదే చెప్పబోతే మీరు విన్నరా? పొద్దున గుడ్లాయన రాలే. పెరుగేసి కలిపిన. అందుకే గట్టిగొచ్చినయ్. రేపు మంచిగ గుడ్లేసి చేస్త, రాండ్రి."

"ఒట్టు?"

"అబద్ధమాడితే నాకేమొస్తది మేడమ్? గట్టిగున్నయని చెడ్డపేరు ఎట్లాగు వచ్చె."

అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. "బంగారంలాంటి డోనట్లు చేశావు తల్లీ" అన్నాను. నాకు మతి చెడిందనుకుందేమో, పళ్లెం కొంచెం వెనక్కి జరిపింది.

ఇంటికొస్తే అత్తమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. దాచబుద్ధి కాలేదు. మొత్తం చెప్పేశాను. అంతా విని అడిగింది:

"గుడ్డున్నదని ఆమె అంటే, నాకు చెప్తుంటివా?"

"చెప్పేదాన్ని కాదు అత్తమ్మా."

"మంచిది. చెప్పకు." మళ్లీ ఓ చూపు చూసింది. "నా మొక్కు ఉత్త మాటనంటివి గద, మరి గంత దూరం ఎందుకు ఉరికినవ్ బిడ్డా?"

చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాను.

"ఆయాసంగా ఉంది, కొంచెం మంచినీళ్లివ్వండి" అన్నాను.