గోడలో మెట్లు

దెయ్యాల కబుర్లు మొదలైతే నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ అంతే, ఈ ఒక్క సంగతి తప్ప.

ఐర్లండ్‌లో, మెయ్‌నూత్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాను. బెంగాల్‌లో ఇటుకలతో కట్టిన పాత గుళ్ళు నా విషయం. ఒక పల్లెలో సగం కూలిన కృష్ణుడి గుడి మీదే నాలుగేళ్ళు పెట్టాను. దాని వంపు కప్పు మీద ఒక గది ఉండేదని, పండగనాడు దేవుణ్ణి అక్కడికి తీసుకెళ్ళి ఊరందరికీ చూపించేవారని నా వాదన. మా ప్రొఫెసర్‌ది ఒకటే ప్రశ్న, పైకి ఎలా ఎక్కేవారని. మెట్లు చూపించలేకపోతే ఆ అధ్యాయం తీసేయమన్నారు. అది తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది అట్టలే.

ఓ శనివారం మధ్యాహ్నం, లూకన్‌లో మా ఇంట్లో గుడి ప్లాన్ బల్ల మీద పరిచి, టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. మా ఆయన పాపను స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాడు. బయట వాన, కిటికీలన్నీ వేసే ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి ప్లాన్‌లో పడమటి గోడ మీద ఎర్రటి ఇటుక పొడితో వేళ్ళ గీతలు. మూడే. ఉంగరపు వేలు ఉండాల్సిన చోట ఖాళీ.

ఒళ్ళు జలదరించింది. వెంటనే కోపమూ వచ్చింది, అంత కష్టపడి గీసిన ప్లాన్ మరి! ఫోటో తీసి తుడిచేశాను. ఆదివారం మళ్ళీ అక్కడే, అవే గీతలు.

"నువ్వే చెయ్యి పెట్టుంటావులేవే, కాసేపు పడుకో," అన్నాడు మా ఆయన. నా చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఇంట్లో ఇటుక ముక్కన్నది లేదు.

వేరే దారి లేక, ఆ పల్లెలో నాకు కొలతలు పంపే స్కూలు మాస్టారికి ఫోన్ చేసి, పడమటి గోడ దగ్గర శిథిలాలు తీయించమన్నాను. ఎందుకో చెప్పలేదు. ఏమని చెప్పను? ఆయన గుడి కమిటీని ఒప్పించి, పది రోజుల తర్వాత వీడియో కాల్ చేశారు.

గోడ మందంలోనే, మనిషి పక్కకు తిరిగి ఎక్కేంత సన్నటి మెట్లు. ఏడు మిగిలాయి. పైకే వెళుతున్నాయి! నా కేకకు పాప పరిగెత్తుకొచ్చి "ఆర్ యూ ఓకే, మమ్మీ?" అంటే, దాన్ని ఎత్తుకుని హాలంతా గిరగిరా తిరిగాను.

మర్నాడు మాస్టారు మొదటి మెట్టు ఇటుక ఫోటో పంపారు. మట్టి పచ్చిగా ఉండగా ఎవరో దాని మీద వేళ్ళతో గీశారు. మూడు గీతలు, ఉంగరపు వేలి చోట ఖాళీ.

గుడి శాసనంలో కట్టించిన జమీందారు పేరుంది, కట్టినవాడి పేరు లేదు. అందుకే ఆ ఇటుక ఫోటో నా థీసిస్ మొదటి పేజీలో వేసి, కింద "మెట్లు చూపించినవారికి" అని రాశాను.

వైవాలో ఎగ్జామినర్లు ఒక్క దిద్దుబాటు కూడా చెప్పకుండా పాస్ చేశారు. చివర్లో మాత్రం, ఆ చూపించింది ఎవరని అడిగారు.

"మేస్త్రీ" అన్నాను తలెత్తి. అంతకుమించి నాకూ తెలియదు.