హిరుత్ పెళ్లి తేదీ

పరీక్షల విభాగంలో పద్దెనిమిదేళ్లు పనిచేశాక, పదవీ విరమణకు ఆరేళ్లుండగా, ఒక జూన్ నెలలో నన్ను మా విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల విభాగానికి సూపరింటెండెంట్‌గా వేశారు. నా పైన ఒక అసిస్టెంట్ రిజిస్ట్రార్, కింద ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లు, ఒక అటెండర్. చదువుకోవడానికి వచ్చిన విదేశీయుడు నిజంగానే ఇక్కడ చదువుతున్నాడని మేము పత్రం ఇస్తాం. భార్య వెంట వస్తే, ఆమె అతని మీద ఆధారపడి ఉంటున్నదని ఇంకో పత్రం. ఈ రెండూ ఉంటేనే విదేశీయుల నమోదు కార్యాలయం వీసా గడువు పొడిగిస్తుంది.

దావిత్, హిరుత్ ఆ ఆగస్టులో ఇథియోపియా నుంచి వచ్చారు. అతను అక్కడ కాలేజీ లెక్చరర్, స్కాలర్‌షిప్ మీద భూగర్భశాస్త్రంలో పరిశోధనకు చేరాడు. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. భర్త కోసం ఉద్యోగం మానేసి వచ్చింది. పెళ్లయిన వాళ్లకు మా హాస్టళ్లలో గది ఇవ్వరు. తార్నాకలో ఇల్లు వెతుక్కోమన్నాను. పది రోజులు తిరిగారు. విదేశీయులకు ఇల్లిస్తే యజమాని ఇరవై నాలుగు గంటల్లో ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. ఆ ఫారం పేరు చెప్పి కొందరు వద్దన్నారు. కొందరు ఏ కారణమూ చెప్పకుండానే తలుపు వేసుకున్నారు.

చివరికి భారతమ్మ అనే ఆవిడ ఒప్పుకుంది. ఆమె భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఇరవై ఏళ్లుండి కట్టుకున్న ఇల్లది, పైన రెండు గదులు ఖాళీ. నేను బస్సెక్కే దారిలోనే కాబట్టి ఫారం నింపడానికి వెళ్లాను. ఆమె నన్ను పక్కకు పిలిచి, "నిజంగ మొగుడు పెండ్లాలేనా మేడం? కాగితం ఉన్నదా?" అని అడిగింది. ఉందని చెప్పాను. అప్పటికి నేను ఆ కాగితం చూడలేదు.

మొదటి నెలల్లో వాళ్లు పడిన ఇబ్బంది నాకు కొంత తెలుసు. దావిత్ పొద్దున్నే ల్యాబ్‌కు పోతే హిరుత్ ఇంట్లో ఒక్కతే. వీసా ప్రకారం ఆమె ఉద్యోగం చేయకూడదు. కూరగాయల బండి దగ్గర వేలు చూపించి కొనుక్కునేది. బస్సులో ఆమె పక్క సీటు చాలాసేపు ఖాళీగా ఉండేదని దావిత్ ఒకసారి మామూలు విషయంలా చెప్పాడు.

తర్వాత కుదురుకున్నారు. వాళ్ల దేశపు పుల్లరొట్టెకు కావలసిన ధాన్యం ఇక్కడ దొరకదు. ఆమె రాగిపిండి మూడు రోజులు పులియబెట్టి భారతమ్మ దోశ పెనం మీద పోసింది. నాలుగోసారికి కుదిరింది. ఆదివారాలు కాఫీ గింజలు ఇంట్లోనే వేయించేది. ఆ వాసనకు మొదట ఏదో మాడుతున్నదని వచ్చిన పక్కింటివాళ్లు తర్వాత కాఫీకే వచ్చేవారు. తెలుగు మొత్తం భారతమ్మ దగ్గరే నేర్చుకుంది. ఒక సాయంత్రం నన్ను చూసి మెట్ల మీద నుంచే, "మేడం, గీడ కూసో. కాఫీ తాగి పోదువు" అంది. దావిత్ కంగారుపడి, మేడంతో అట్లా అనకూడదేమోనని ఇంగ్లిషులో మందలించాడు. నాకు మాత్రం సంతోషం కలిగింది. మా అమ్మ కూడా ఇంటికొచ్చిన వాళ్లను అట్లాగే పిలిచేది.

మరుసటి ఏడు వీసా పొడిగింపుకు దరఖాస్తు వచ్చింది. మా జూనియర్ అసిస్టెంట్ ఫైలు తెచ్చి ఒక తేడా చూపించాడు. పెళ్లి సర్టిఫికెట్‌లోని తేదీ, హిరుత్ పాస్‌పోర్టులోని పుట్టిన తేదీ పక్కపక్కన పెట్టి లెక్కేస్తే, పెళ్లినాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. పైగా ఆమె పేరు వెనక భర్త పేరు లేదు. ఇది దొంగ సర్టిఫికెట్ కావచ్చునని అతను అన్నాడు. అట్లాంటివి రెండు అంతకుముందు మా విభాగంలో బయటపడ్డాయి. పద్ధతి ప్రకారం వాపసు మెమో రాశాను. తేదీలకు పొంతన లేదు, రాయబార కార్యాలయం ధ్రువీకరణతో తిరిగి సమర్పించవలెను. రెండు వాక్యాలు. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మెమో అందగానే దావిత్ ఆఫీసుకు వచ్చాడట. నేను మీటింగ్‌లో ఉన్నాను. మెమోలో అడిగింది తెచ్చుకోవాలని కౌంటర్‌లో చెప్పి పంపారు. అతను మెమో తీసుకుని వెళ్లిపోయాడు. ఆఫీసు రాసినదాన్ని ప్రశ్నించే అలవాటు తమకు లేదని తర్వాత చెప్పాడు.

కాగితం ఢిల్లీకి వెళ్లి రావడానికి ఆరు వారాలైంది. వచ్చిన లేఖలో విషయం ఒకటే. ఇథియోపియా పంచాంగం మన ఇంగ్లిషు క్యాలెండర్ కంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. సర్టిఫికెట్ తర్జుమా చేసినవాళ్లు సంవత్సరం మార్చలేదు. ఇంగ్లిషు లెక్కలో పెళ్లినాటికి హిరుత్‌కు ఇరవై రెండేళ్లు. ఆ దేశంలో ఆడవాళ్లు పెళ్లయినా తండ్రి పేరే ఉంచుకుంటారని కూడా రాశారు. ఆ రోజే సంతకం చేశాను. నమోదు కార్యాలయంలో మామూలుగా పట్టే మూడు వారాలు పట్టింది.

ఆ తర్వాతి సోమవారం దావిత్ నా గదికి వచ్చి నిలబడ్డాడు. హిరుత్‌ను కాన్పుకు పుట్టింటికి పంపాలని, ప్రయాణానికి అనుమతించే నెలలు దాటిపోయాయని విమానంవాళ్లు ఎక్కించుకోవడం లేదని, విశ్వవిద్యాలయం ఒక లేఖ ఇవ్వగలదా అని అడిగాడు. ఆమె గర్భవతి అని నాకు తెలిసింది అప్పుడే. ఆ నెలల్లో నేను వాళ్లింటికి వెళ్లలేదు, ఫైలులో ఆమె ఫొటో భుజాల వరకే ఉంది. పాత వీసా మీద వెళ్తే తిరిగి రావడం కష్టమవుతుందని, పొడిగింపు కోసం ఐదో నెల నుంచి ఆగారు. నాకు అధికారం లేకపోయినా లేఖ రాశాను. నిబంధన ఒప్పుకోదని విమానంవాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. హిరుత్ తల్లికి పాస్‌పోర్టు లేదు.

ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఒక పగలు బతికింది. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందని, ఎక్కడ పుట్టినా దక్కేది కాదని డాక్టర్లు చెప్పారు. ఆ మాట నన్ను తేలికపరచలేదు. బిడ్డ సంగతి వేరు. పుట్టింట్లో అయితే ఆ పూట హిరుత్ పక్కన ఆమె తల్లి ఉండేది.

పుట్టిన సర్టిఫికెట్, చనిపోయిన సర్టిఫికెట్ ఒకే రోజు రాయించాల్సి వచ్చింది. మున్సిపల్ ఆఫీసుకు దావిత్‌తో నేనూ వెళ్లాను. పేరు అనే గడి దగ్గర అతను ఆగిపోయాడు. వాళ్ల ఆచారంలో ఆడపిల్లకు ఎనభయ్యో రోజున బాప్తిస్మమిచ్చి పేరు పెడతారు. గడి ఖాళీగా వదిలేశాడు. శ్మశానవాటికలో చోటివ్వడానికి చర్చి లేఖ అడిగారు. మెట్టుగూడలోని ఒక పాస్టరు, మీ సంఘం వేరు కదా అనకుండా రాసిచ్చాడు.

బిడ్డకు స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టింది భారతమ్మ. మట్టి వేసి బయటికి వచ్చాక నా పక్కనే నడుస్తూ, "అమ్మ దగ్గరికి పోత, అమ్మ దగ్గరికి పోత అని సంచి సర్దుకున్నది మేడం. కాగితం ఇంకా వస్తలేదు అనుకుంట మూడు నెలలు కూసున్నది. గంత పెద్ద ఆఫీసుల ఒక్క కాగితానికి గిన్ని దినాలా?" అంది. ఆలస్యం నావల్లే మొదలైందని ఆ రోజు చెప్పలేకపోయాను.

రెండు వారాల తర్వాత వెళ్లి ఇద్దరికీ చెప్పాను. మెమో రాసింది నేనని, అనుమానపడ్డది నేనని. దావిత్ తల దించుకుని, మేడం కాగితంలో ఉన్నదే రాశారని అన్నాడు. హిరుత్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పాలు ఆగడానికి కట్టిన గుడ్డ చీర అంచులో కనిపిస్తున్నది. చీర కట్టడం భారతమ్మే నేర్పింది. హిరుత్ తెలుగులోనే అంది.

"నన్ను అడిగితే చెప్తుంటి మేడం."

గొంతు పెంచలేదు. ఆ తర్వాత లేచి లోపలికి వెళ్లింది.

వాళ్లు ఇంకా మూడేళ్లు ఇక్కడే ఉన్నారు. నన్ను చూస్తే హిరుత్ నమస్కారం చేసేది. కాఫీకి మళ్లీ పిలవలేదు, నేను ఎదురుచూడనూ లేదు. దావిత్‌కు డిగ్రీ వచ్చాక సామాను అమ్ముకుని వెళ్లిపోయారు. తర్వాత కొడుకు పుట్టాడని భారతమ్మకు ఫోన్ చేసి చెప్పారట.

మిగిలిన సర్వీసులో, దరఖాస్తుదారుని ఎదురుగా కూర్చోబెట్టి అడగకుండా ఒక్క వాపసు మెమో కూడా నా చేతుల మీదుగా పోలేదు. దాన్ని నియమంగా పెట్టాలని అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కు నోట్ పంపాను. ఫైలు మీద చూశానని సంతకం పెట్టారు, సర్క్యులర్ రాలేదు. తేదీ తేడాగా ఉంటే అది మోసమో, మనకు తెలియని లెక్కో కాగితం చూసి తేల్చలేము. ఆ మనిషి మన కౌంటర్ ముందే నిలబడి ఉన్నప్పుడు అడగకుండా మెమో రాయడం జాగ్రత్త అనిపించుకోదు. నేను ఆ రోజు పని తప్పించుకున్నాను.