పిన్ని అడిగిన వదులు

మా బాబాయి భార్య, అంటే మా పిన్ని, కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ప్రతి కుట్టు దగ్గరా లోపల కాస్త గుడ్డ వదిలిపెడుతుంది. తొడుక్కునేవాడు రేపు లావైతే విప్పి వదులు చేసుకోవచ్చని. ఆ అలవాటు గుడ్డ దగ్గరే ఆగి ఉంటే నాకీ తలనొప్పి ఉండేది కాదు.

పిన్ని వాళ్ళక్క దేశానికి ఆ చివర ఉంటుంది. సోమవారం ఆవిడకు గుండె ఆపరేషన్. "నీ మొహం చూశాకే లోపలికెళ్తాను" అని చెల్లెలితో అందట. మాకు కారు లేదు, ఉన్నా అంతదూరం నడిపే మొనగాడు ఇంట్లో లేడు. కాబట్టి బస్సు, రైలు, మళ్ళీ రైలు, మళ్ళీ బస్సు. ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలో చూసిపెట్టే పని నా నెత్తిన పడింది. పైగా చేతిలో ఉన్న కోటు ఇచ్చిగాని కదలనంది.

కుట్టుగదిలో ఇస్త్రీబల్ల చివర కూర్చుని, ఫోనులో వెతికి వెతికి దారి తేల్చాను. శుక్రవారం బయల్దేరితే ఆదివారం సాయంత్రానికి ఆస్పత్రిలో ఉంటుంది. గొప్పగా చదివి వినిపించాను.

"బస్సు దిగీ దిగగానే రైలా? కాస్త వదులు పెట్టవే" అంది, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకునే.

పెట్టాను.

"రైలుకీ రైలుకీ మధ్య కూడా పెట్టు."

"పెడితే రాత్రంతా ప్లాట్‌ఫారం మీద పడుంటావు పిన్నీ."

"పడుంటాను. నాకేం?"

చివరి బస్సు దగ్గరా అదే పాట. ఈలోగా రెండో రైల్లో నేను చూసిపెట్టిన సీటు ఎవరో ఎగరేసుకుపోయారు. వ్యవహారం మొదటికొచ్చింది. ఆమె అడిగిన వదులంతా కలిపితే మనిషి చేరేది మంగళవారం. నా ఓపిక నశించింది.

"ఆవిణ్ని లోపలికి తీసుకెళ్ళాక చేరి ఎవరి మొహం చూస్తావు? విప్పి మళ్ళీ కుట్టుకోడానికి ఇదేం కోటు కాదు."

అనేసి నాలుక కరుచుకున్నాను. పిన్ని మిషను ఆపింది. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి చిన్న దిండుకు గుచ్చింది.

"మా అమ్మకి బాగాలేనప్పుడు ప్రయాణం బిగువుగానే వేసుకున్నానే. బస్సు ఆలస్యమైంది, రైలు వెళ్ళిపోయింది. నేను దిగేసరికి అంతా అయిపోయింది. అక్క ఒక్కతే అన్నీ చూసుకుంది."

జాలేసింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఈ ముక్క పొద్దున్నే చెబితే ఏం పోయేది?

"అయితే ఆ వదులంతా ముందే పెట్టుకో. ఇవాళ బుధవారమేగా, ఇవాళే బయల్దేరు."

"కోటుకి ఇంకా ఒక చెయ్యి పెట్టలేదే. రేపు ప్లీడరుగారు వస్తారు."

"వస్తే నేను తిట్లు తింటాలే."

పిన్ని ఆ కోటు వంక చాలాసేపు చూసింది. పని సగంలో వదిలి లేవడం నేనెప్పుడూ చూడలేదు. లేచి మిషను మీద గుడ్డ కప్పింది.

సాయంత్రం బస్టాండులో నిలబడ్డాం. రావలసిన వేళ దాటిపోయినా బస్సు జాడ లేదు. కిటికీలో కూర్చున్నాయన "వస్తుంది" అనడం తప్ప ఇంకో మాట నేర్చుకున్నట్టు లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

పిన్ని అక్కకు ఫోను చేసింది. "బయల్దేరాను."

"ఆపరేషను సోమవారం కదే, అప్పుడే ఎందుకు? నెమ్మదిగా రా. నాకేం భయం లేదు" అంది ఆవిడ. గొంతు నాకూ వినిపించింది.

ఆ తర్వాత మాట్లాడుకోడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. పిన్నీ పెట్టలేదు. బస్సు వచ్చేదాకా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క మాటా లేకుండా అలాగే ఉండిపోయారు.